వందో ర్యాంకు అవతల: టెన్నిస్ వృత్తి ఆటగాడి బతుకుబాట

2016 యూఎస్ ఓపెన్ తొలి రౌండ్‌లో, విశాఖపట్నంలో పెరిగిన సాకేత్ మైనేని చెక్ ఆటగాడు ఇరీ వెసెలీతో అయిదు సెట్లు ఆడి ఓడిపోయాడు. అదే ఏడాది ఏప్రిల్‌లో మాంటెకార్లోలో అప్పటి ప్రపంచ నంబర్ వన్ నొవాక్ జొకోవిచ్‌ను ఓడించినవాడు ఈ వెసెలీ. సాకేత్ తొలి సెట్‌ను టైబ్రేక్‌లో పోగొట్టుకుని, తర్వాతి రెండూ 6-4, 6-2తో గెలిచాడు. నాలుగోది 2-6తో చేజారింది. కండరాలు పట్టేసిన ఒంటితోనే అయిదో సెట్‌ను 5-7 దాకా లాక్కొచ్చాడు. అప్పటికి వయసు 28. గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ మెయిన్ డ్రాలో అతనికి అదే తొలి మ్యాచ్. అక్కడికి చేరడానికి అంతకుముందు వారంలో మూడు క్వాలిఫయింగ్ మ్యాచ్‌లు గెలవాల్సి వచ్చింది. తొలి రౌండ్‌లో ఓడినవాడికి ఆ ఏడాది ఇచ్చిన మొత్తం 43,313 డాలర్లు.

సాకేత్ సింగిల్స్‌లో చేరుకున్న అత్యుత్తమ ర్యాంకు 137. ఏ చదువులోనైనా, ఏ వృత్తిలోనైనా ప్రపంచం మొత్తం మీద 137వ స్థానమంటే ఇంటిల్లిపాదీ కడుపు చల్లగా బతికే స్థాయి. టెన్నిస్‌లో మాత్రం ఆ అంకె దగ్గర నిలబడినవాడు వచ్చే నెల విమాన టికెట్టు గురించి ఆలోచిస్తూ ఉంటాడు. వందో ర్యాంకుకు అవతల ఉండే ఈ ఆటగాళ్లు ఎలా బతుకుతారు, ఎక్కడ ఆడతారు, ఎంత సంపాదిస్తారు, ఎందుకు మానేస్తారు, మానకుండా ఎందుకు ఉంటారు అన్నదే ఈ వ్యాస విషయం.

ర్యాంకుల లెక్క

పురుషుల టెన్నిస్‌లో కంప్యూటర్ ర్యాంకింగ్‌లు 1973 ఆగస్టులో మొదలయ్యాయి. మహిళలకు 1975లో వచ్చాయి. ఇప్పటి పద్ధతి స్థూలంగా ఇది: గడిచిన 52 వారాల్లో ఆడిన టోర్నీల్లో సంపాదించిన పాయింట్లను కలిపి ర్యాంకు కడతారు. నిరుడు ఇదే వారంలో గెలిచిన పాయింట్లు ఈ వారం లెక్కలోంచి రాలిపోతాయి. వాటి చోట కొత్తవి సంపాదించకపోతే ర్యాంకు పడిపోతుంది. ఆటగాడు చేతులు ముడుచుకుని కూర్చున్నా, జ్వరంతో మంచం పట్టినా ఈ రాలడం ఆగదు.

టోర్నీలకు తరగతులు ఉన్నాయి. అడుగున అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య, అంటే ఐటీఎఫ్, నడిపే చిన్న టోర్నీలు. వీటిని పాతవాళ్లు ఇప్పటికీ ఫ్యూచర్స్ అంటారు. పురుషుల్లో 15,000, 25,000 డాలర్ల మొత్తం ప్రైజ్‌మనీతో ఇవి ఏళ్ల తరబడి నడిచాయి. వాటి మీద ఏటీపీ ఛాలెంజర్లు. ఆపైన టీవీలో కనిపించే 250, 500, మాస్టర్స్ 1000 టోర్నీలు. అన్నిటికీ పైన నాలుగు గ్రాండ్‌స్లామ్‌లు. ఏ టోర్నీలో ఆడాలన్నా ప్రవేశం ర్యాంకును బట్టే దొరుకుతుంది. గ్రాండ్‌స్లామ్ సింగిల్స్‌లో ఉండే 128 చోట్లలో 104 ర్యాంకును బట్టి నేరుగా ఇస్తారు. 16 క్వాలిఫయర్లకు, 8 నిర్వాహకులు తమ ఇష్టం మీద ఇచ్చే వైల్డ్ కార్డులకు. వందో ర్యాంకును అందరూ ఒక సరిహద్దుగా చూడడానికి కారణం ఈ 104 అనే అంకే. దానికి ఇవతల ఉన్నవాడు ఏడాదికి నాలుగుసార్లు, ఒక్క మ్యాచ్ కూడా గెలవకపోయినా, పెద్ద చెక్కు అందుకుంటాడు. అవతల ఉన్నవాడు ముందు వారమే వెళ్లి, ఖాళీ గ్యాలరీల మధ్య మూడు మ్యాచ్‌లు గెలవాలి.

ఇక్కడ చాలామంది గమనించని చిక్కు ఒకటుంది. 15,000 డాలర్ల టోర్నీ గెలిస్తే ఇప్పుడు దక్కేవి 15 పాయింట్లు. వందో ర్యాంకు దరిదాపుల్లో ఉండాలంటే సుమారు 600 పాయింట్లు కావాలి. ఏడాదిలో లెక్కలోకి తీసుకునేవి ఇరవైలోపు ఉత్తమ ఫలితాలు మాత్రమే. అంటే ఒక ఆటగాడు అడుగు స్థాయిలో ఆడిన ప్రతి టోర్నీ గెలిచినా, లెక్కకు వచ్చేవి 300 దాటవు. ఎంత బాగా ఆడినా అక్కడే ఉంటే పైకి రాలేడు. పైతరగతి టోర్నీకి వెళ్దామంటే అక్కడ చోటు ఇవ్వడానికి ర్యాంకు చాలదు. అందుకే ఈ స్థాయి ఆటగాళ్ల మాటల్లో 'కట్' అన్న పదం పదేపదే వినిపిస్తుంది. ఫలానా ఛాలెంజర్‌లో కట్ ఎంత దగ్గర పడింది, తాను లోపల ఉన్నాడా, బయట ఎన్నో వాడిగా ఉన్నాడు. ముందున్నవాళ్లు పేరు ఉపసంహరించుకుంటారేమోనని చివరి రోజు వరకు ఎదురుచూసి, అప్పుడు టికెట్టు కొంటారు. చివరి రోజు టికెట్టు ధర తెలిసిందే.

లెక్క తేలే చోటు

ఐటీఎఫ్ 2013 సంవత్సరానికి సంబంధించి ఒక పెద్ద సమీక్ష చేయించింది. ఆ ఏడాది వృత్తి టోర్నీల్లో ఆడినవారు పురుషులు 8,874 మంది, మహిళలు 4,862 మంది. వీరిలో 3,896 మంది పురుషులు, 2,212 మంది మహిళలు ఒక్క డాలరు కూడా సంపాదించలేదు. పురుషుల ప్రైజ్‌మనీలో 60 శాతం తొలి 50 మందికే వెళ్లింది. కోచ్ ఖర్చు లెక్కలో వేయకుండా, ప్రయాణాలకూ బసకూ తిండికీ సామగ్రికీ కలిపి ఒక్కో పురుషుడికి ఏడాదికి సగటున 38,800 డాలర్లు, మహిళకు 40,180 డాలర్లు ఖర్చు అయింది. వచ్చిందీ పోయిందీ సరిపోయే చోటు పురుషుల్లో 336వ ర్యాంకు, మహిళల్లో 253 అని తేల్చారు. కోచ్‌ను వెంట తీసుకువెళ్తే ఆ చోటు ఇంకా చాలా పైకి జరుగుతుంది.

అడుగు స్థాయి చెక్కులు చూస్తే విషయం ఇంకా తేటగా తెలుస్తుంది. 15,000 డాలర్ల టోర్నీలో విజేతకు దక్కుతూ వచ్చిన మొత్తం 2,160 డాలర్లు. తొలి రౌండ్‌లో ఓడినవాడికి 156. అందులోంచి ఆ దేశపు పన్ను కోత పోతుంది. ఆ 156 డాలర్లు మన డబ్బులో పదమూడు వేల రూపాయల చిల్లర. ఒక విదేశీ టోర్నీకి వెళ్లిన ఆటగాడికి వారం రోజుల గది అద్దెకే అది చాలదు.

ఈ లెక్క ఉత్తరాంధ్రలోని సాలూరు జనానికి ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. వేగావతి ఒడ్డున, తూర్పు కనుమల అంచున ఉన్న ఆ ఊరు లారీల ఊరుగా పేరుపడింది. సుంకి ఘాటీ ఎక్కి కోరాపుట్, రాయపూర్ వైపు పోయే జాతీయ రహదారి మీద బతికే ఊరు. సొంత లారీని తానే నడుపుకునే మనిషికీ ఈ ఆటగాడికీ పెద్ద తేడా లేదు. బండి తనదే, అప్పు తనదే. కిరాయి ఎంతో ముందే ఎవరో నిర్ణయిస్తారు. డీజిలు, టైర్లు, టోలు, దారి తిండి పోగా మిగిలిందే సంపాదన. రిటన్ లోడు దొరక్కపోతే ఖాళీ బండితో వెనక్కి రావాలి. తొలి రౌండ్‌లో ఓడి మంగళవారం మధ్యాహ్నానికే ఖాళీ అయిపోయిన టెన్నిస్ ఆటగాడిది ఆ ఖాళీ బండి పరిస్థితే. తర్వాతి టోర్నీ వచ్చే సోమవారం, మరో ఊళ్లో. ఈలోపు ఇంటికి వెళ్లి రావడానికి డబ్బు లేదు, అక్కడే ఉండడానికీ ఖర్చే.

ఈ సంగతిని దేశమంతా వినేలా చెప్పినవాడు హరియాణాకు చెందిన సుమిత్ నాగల్. 2023 సెప్టెంబరులో, దేశంలో నంబర్ వన్ సింగిల్స్ ఆటగాడిగా ఉన్న రోజుల్లో, తన బ్యాంకు ఖాతాలో మిగిలింది 900 యూరోలేనని చెప్పాడు. ఏడాది పాటు టూర్‌లో ఆడడానికి తనకయ్యే ఖర్చు కోటి రూపాయల దాకా ఉంటుందని, ఆ ఏడాది అప్పటివరకు 24 టోర్నీల్లో వచ్చింది దాదాపు 65 లక్షలని వివరించాడు. అందులో పెద్ద చెక్కు యూఎస్ ఓపెన్‌ది. అక్కడ క్వాలిఫయింగ్ తొలి రౌండ్‌లోనే ఓడిపోయాడు. అయినా 22,000 డాలర్లు చేతికొచ్చాయి. నాలుగు నెలలు తిరిగేసరికి, 2024 జనవరిలో, అదే నాగల్ ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో క్వాలిఫయింగ్ దాటి 31వ సీడ్ అలెగ్జాండర్ బుబ్లిక్‌ను ఓడించాడు. 1989లో రమేశ్ కృష్ణన్ తర్వాత గ్రాండ్‌స్లామ్ సింగిల్స్‌లో సీడెడ్ ఆటగాడిని ఓడించిన తొలి భారతీయ పురుషుడు అయ్యాడు. అప్పటికి అతని ర్యాంకు 130ల్లో ఉంది. ఆట మారలేదు, మనిషి మారలేదు. రెండు వారాల్లో ఖాతా మారింది. ఈ వృత్తిలో అదృష్టం వాటా ఎంతో అర్థం కావడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ కనిపించదు.

ఉత్తరాంధ్ర నుంచి

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతం క్రీడాకారులకు కొత్త కాదు. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ అయింది. విజయనగరం పక్కన కొండవెలగాడ పేరు చెప్తే దేశంలో బరువులెత్తే వాళ్లందరికీ తెలుస్తుంది. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చింది.

మరి టెన్నిస్ ఎందుకు రాలేదు? ఒంట్లో సత్తువ తక్కువై మాత్రం కాదు. వెయిట్‌లిఫ్టింగ్‌లో ఊరి గురువు, ఒక రేకుల షెడ్డు, కొన్ని ఇనప పళ్లేలు ఉంటే మొదలవుతుంది. పిల్ల రాష్ట్ర స్థాయిలో గెలిస్తే జాతీయ శిబిరం చేర్చుకుంటుంది. తిండి, బస, ప్రయాణం ప్రభుత్వానివి. రైల్వేలోనో పోలీసు శాఖలోనో ఉద్యోగం ఎదురుచూస్తూ ఉంటుంది. టెన్నిస్‌లో ఇదంతా తలకిందులు. అఖిల భారత టెన్నిస్ సంఘం జూనియర్ ర్యాంకింగ్‌లు అండర్-12తోనే మొదలవుతాయి. టాలెంట్ సిరీస్, ఛాంపియన్‌షిప్ సిరీస్, సూపర్ సిరీస్ అంటూ తరగతులు. పాయింట్ల కోసం పిల్లల్ని వెంటబెట్టుకుని అమ్మో నాన్నో ఊరూరా తిరగాలి. సాలూరులో ఒక పిల్లకు రాకెట్ పట్టాలనిపిస్తే, మంచి కోచ్ కోసం వంద కిలోమీటర్లకు పైగా విశాఖపట్నం పోవాలి. అక్కణ్నించి టోర్నీలకు విజయవాడ, హైదరాబాద్, చెన్నై. తండ్రో తల్లో తమ పని మానుకుని పిల్ల వెంట ఉండగలిగితేనే ఇది సాగుతుంది. పద్నాలుగేళ్లకే లక్షలు ఖర్చయిపోయి ఉంటాయి, వృత్తి ఇంకా మొదలే కాలేదు.

1987లో పుట్టిన సాకేత్‌కు ఈ చిక్కు విడదీసిన దారి అమెరికా కాలేజీ టెన్నిస్. ఆరడుగుల నాలుగు అంగుళాల ఎత్తు, దానికి తగ్గ సర్వీసు. అలబామా విశ్వవిద్యాలయం జట్టుకు ఆడుతూ డిగ్రీ చదువుకున్నాడు. స్కాలర్‌షిప్పుతో చదువు, కోర్టులు, కోచ్, ప్రయాణాలు ఒకేచోట దొరుకుతాయి గనుక ఇటీవలి మన ఆటగాళ్లు ఈ దారిని ఎక్కువగా పట్టుకుంటున్నారు. అనంతపురం మూలాలున్న సహజ యమలపల్లి టెక్సస్‌లోని శామ్ హ్యూస్టన్ స్టేట్ విశ్వవిద్యాలయానికి ఆడింది. ఒకప్పుడు కాలేజీకి వెళ్తే వృత్తి ఆటకు నీళ్లొదులుకున్నట్టే అనుకునేవారు. ఇప్పుడు కాలేజీ ఆటలో ముందున్న వారికి ఛాలెంజర్లలో నేరుగా చోటిచ్చే ఏర్పాటును ఏటీపీ 2023లో తెచ్చింది. చదువుకు నాలుగేళ్లు పోతే వృత్తి ఆట ఆలస్యంగా మొదలవుతుంది, నిజమే. మోకాలు పోయిన రోజున చేతిలో ఒక డిగ్రీ ఉండడం అంతకన్నా విలువైనదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

కాలేజీ నుంచి వచ్చాక సాకేత్ ఫ్యూచర్స్‌లో ఆడుతూ, 2014లో ఇందోర్‌లో తొలి ఛాలెంజర్ సింగిల్స్ టైటిల్ గెలిచాడు. 2015లో వియత్నాంలో రెండోది.

దేశం పిలిచినప్పుడు

కింది ర్యాంకు ఆటగాడికి పేరు తెచ్చేది టూర్ కాదు, జాతీయ జట్టు. ఆ జట్టులో చోటు కూడా చాలాసార్లు పెద్దవాళ్లు ఖాళీ చేస్తేనే దొరుకుతుంది. 2014లో దక్షిణ కొరియాలోని ఇంచియాన్ ఆసియా క్రీడల సమయానికి లియాండర్ పేస్, రోహన్ బోపన్న, సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ ముగ్గురూ టూర్ టోర్నీలకే మొగ్గారు. ఆసియా క్రీడల్లో ర్యాంకింగ్ పాయింట్లూ లేవు, ప్రైజ్‌మనీ లేదు. వెళ్లకపోతే పాయింట్లు మిగులుతాయి, వెళ్తే పతకం రావచ్చు. సానియా మీర్జా మొదట వద్దనుకుని, తర్వాత మనసు మార్చుకుని వెళ్లింది. సాకేత్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచింది. ఫైనల్లో చైనీస్ తైపీ జోడీ మీద 6-4, 6-3. పురుషుల డబుల్స్‌లో సనమ్ సింగ్‌తో కలిసి సాకేత్ రజతం తెచ్చాడు. ఆ ఫైనల్లో ఓడించిన కొరియా జోడీలో ఒకడు చుంగ్ హ్యోన్. ఆ స్వర్ణంతో అతనికి తప్పనిసరి సైనిక సేవ నుంచి వెసులుబాటు దొరికింది, 2018లో ఆస్ట్రేలియన్ ఓపెన్ సెమీఫైనల్ దాకా వెళ్లాడు.

సికింద్రాబాద్‌కు చెందిన విష్ణువర్ధన్ కథ ఇంకా విచిత్రం. 2012 లండన్ ఒలింపిక్స్ ముందు మహేశ్ భూపతి, రోహన్ బోపన్న ఇద్దరూ పేస్‌తో ఆడేది లేదని భీష్మించారు. నెలల తగాదా చివర పేస్ పక్కన నిలబడాల్సిన మనిషిగా డబుల్స్‌లో 207వ ర్యాంకులో ఉన్న విష్ణును అఖిల భారత టెన్నిస్ సంఘం ఎంపిక చేసింది. తానేమీ చేయకుండానే ఆ యువకుడు దేశమంతటి వాదనలో చిక్కుకున్నాడు. కోర్టులో మాత్రం తడబడలేదు. తొలి రౌండ్‌లో ఈ జోడీ నెదర్లాండ్స్‌కు చెందిన హాసే, రోయర్‌లను ఓడించింది. రెండో రౌండ్‌లో ఫ్రాన్స్ జోడీ లొద్రా, సోంగాల చేతిలో మూడు సెట్లు పోరాడి ఓడింది. ఆ ఫ్రెంచి జోడీ చివరికి రజతం గెలుచుకుంది. అంతకు రెండేళ్ల ముందు, 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో, విష్ణు సానియాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ రజతం కూడా తెచ్చాడు.

2016 సెప్టెంబరు సాకేత్‌కు మరిచిపోలేని నెల అయి ఉండాలి. న్యూయార్క్‌లో వెసెలీతో ఆడివచ్చిన కొద్దిరోజులకే ఢిల్లీలో స్పెయిన్‌తో డేవిస్ కప్ ప్లేఆఫ్. సింగిల్స్‌లో డేవిడ్ ఫెరర్ అతనికి నాలుగు గేములు మాత్రమే వదిలాడు. మర్నాడు పేస్‌తో కలిసి డబుల్స్. అవతల రఫెల్ నడాల్, మార్క్ లోపెజ్, అప్పటికి నెల కిందటే రియోలో ఒలింపిక్ స్వర్ణం గెలిచిన జోడీ. భారత జోడీ తొలి సెట్ గెలిచి, రెండోది టైబ్రేక్‌లో పోగొట్టుకుని, నాలుగు సెట్లలో ఓడింది. ఇలాంటి రాత్రి తర్వాత వారంలో మళ్లీ ఏదో చిన్న ఊరి ఛాలెంజర్‌లో, లైన్ జడ్జీలూ జనమూ అంతంత మాత్రంగా ఉన్న కోర్టులో సర్వీసు చేయాలి. రెండూ ఒకే మనిషి, ఒకే వృత్తి. 2017లో కేంద్రం అతనికి అర్జున అవార్డు ఇచ్చింది.

డబుల్స్ అనే ఆసరా

గాయాలు సాకేత్ సింగిల్స్ ఆటను వెనక్కి లాగాయి. ముప్పై దాటాక చాలామంది భారతీయుల్లాగే అతనూ డబుల్స్ వైపు తిరిగాడు. 2022లో యూకీ భాంబ్రీతో కలిసి ఛాలెంజర్ టైటిళ్లు వరసగా గెలిచి డబుల్స్‌లో తొలి వందలోపుకు చేరాడు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రామ్‌కుమార్ రామనాథన్‌తో రజతం, 2024 ఫిబ్రవరిలో అదే జోడీగా బెంగళూరు ఓపెన్ ఛాలెంజర్ డబుల్స్ టైటిల్.

డబుల్స్‌లో పరుగు తక్కువ, సర్వీసుకూ నెట్ దగ్గరి చేతివాటానికీ విలువ ఎక్కువ. ఒంటిమీద భారం తగ్గుతుంది గనుక నలభై దాకా ఆడవచ్చు. చెక్కు మాత్రం సింగిల్స్‌కన్నా చాలా చిన్నది, పైగా ఇద్దరూ పంచుకోవాలి. ఛాలెంజర్ డబుల్స్ గెలిచిన వారం కూడా ఒక్కోసారి ఖర్చులకే సరిపోతుంది. జోడీ కుదరడం మరో బాధ. ఇద్దరి ర్యాంకులూ కలిపి చూసి ప్రవేశం ఇస్తారు కాబట్టి, మంచి ర్యాంకు భాగస్వామి కోసం ఎప్పుడూ ఫోన్లు, సందేశాలు. ఒకడు గాయపడితే రెండోవాడి వారం కూడా పోతుంది.

హైదరాబాద్ ఆటగాడు రిత్విక్ బొల్లిపల్లి ఈ దారిలోనే పైకి వచ్చాడు. 2024 అక్టోబరులో అర్జున్ కాధేతో కలిసి కజకిస్థాన్‌లోని అల్మాటీలో ఏటీపీ 250 టైటిల్ గెలిచాడు. కొద్ది నెలలకే, 2025లో, కొలంబియా ఆటగాడు నికోలస్ బారియెంటోస్ జోడీగా చిలీ రాజధాని శాంటియాగోలో రెండోది. ఇంత సాధించినవాడి ముఖం మన ఊళ్లలో ఎంతమంది గుర్తుపడతారన్నది బాధ పెట్టే ప్రశ్న.

దారి ఖర్చు, దారి ఒంటరితనం

జమైకా, జర్మనీ మూలాలున్న డస్టిన్ బ్రౌన్ 2004 నుంచి కొన్నేళ్లపాటు తల్లిదండ్రులు కొనిచ్చిన ఒక వ్యాన్‌లో యూరప్ అంతా తిరిగి టోర్నీలు ఆడాడు. అందులోనే వంట, అందులోనే పడక. వ్యాన్‌లో ఒక స్ట్రింగింగ్ యంత్రం పెట్టుకుని తోటి ఆటగాళ్ల రాకెట్లకు తీగలు బిగించి నాలుగు డబ్బులు సంపాదించేవాడు. అతనే 2015 వింబుల్డన్‌లో నడాల్‌ను ఓడించాడు. 2016లో ఇంగ్లండ్ ఆటగాడు మార్కస్ విల్లిస్, 772వ ర్యాంకులో ఉండి, ఒక క్లబ్బులో గంటకు 30 పౌండ్లకు పాఠాలు చెప్పుకుంటూ, ప్రీ-క్వాలిఫయింగ్ మొదలు ఏడు మ్యాచ్‌లు గెలిచి వింబుల్డన్ రెండో రౌండ్‌లో రోజర్ ఫెదరర్ ఎదుట నిలబడ్డాడు. 2018లో అర్జెంటీనా ఆటగాడు మార్కో త్రున్‌జెలితి ఫ్రెంచ్ ఓపెన్ క్వాలిఫయింగ్‌లో ఓడి బార్సిలోనా వెళ్లిపోయాక, లక్కీ లూజర్‌గా, అంటే క్వాలిఫయింగ్‌లో ఓడినా మెయిన్ డ్రాలో ఆడేందుకు, ఒక చోటు ఖాళీ అవుతోందని తెలిసింది. 88 ఏళ్ల నాయనమ్మను, అమ్మను, తమ్ముణ్ని అద్దె కారులో ఎక్కించుకుని పది గంటలు నడిపి అర్ధరాత్రికి పారిస్ చేరాడు. పొద్దున్నే కోర్టులో దిగి బెర్నార్డ్ టోమిక్‌ను ఓడించాడు. ఆ ఒక్క గెలుపుతో చేతికొచ్చింది 79,000 యూరోలు.

ఇవి పత్రికలకు ఎక్కిన కథలు. ఎక్కనివి వారానికి వందలు. ఐర్లండ్ ఆటగాడు కోనర్ నైలాండ్, అత్యుత్తమ ర్యాంకు 129, తన అనుభవాలను 'ద రాకెట్' అనే పుస్తకంగా 2024లో ప్రచురించాడు. అది ఆ ఏడాది విలియం హిల్ క్రీడా పుస్తక పురస్కారం గెలిచింది. 2011 వింబుల్డన్ తొలి రౌండ్ అయిదో సెట్‌లో అతను 4-1తో ముందుండి ఓడిపోయాడు. గెలిచి ఉంటే తర్వాతి ప్రత్యర్థి ఫెదరర్. ఆ పుస్తకానికి అంత ఆదరణ రావడానికి కారణం అందులోని పెద్ద పేర్లు కావు. హోటల్ గదుల్లో ఒంటరిగా గడిచే వారాలను, సాధనకు తోడు దొరక్క అడుక్కునే ఉదయాలను ఎవరూ అంత వివరంగా రాసి ఉండకపోవడమే.

మహిళలకు ఇదంతా మరికాస్త కష్టం. పరాయి దేశంలో చౌక బస, రాత్రి ప్రయాణం ఒంటరి అమ్మాయికి కుదరవు. తల్లో తండ్రో వెంట వెళ్తే టికెట్లు రెండు. అయినా తెలుగునేల నుంచి వస్తున్న ఆడపిల్లల సంఖ్య తగ్గలేదు. 2025 ఏప్రిల్‌లో పుణెలో మహిళల జాతీయ జట్ల మధ్య జరిగిన బిల్లీ జీన్ కింగ్ కప్ పోటీల్లో హైదరాబాద్ అమ్మాయి శ్రీవల్లి రష్మిక భమిడిపాటి, అప్పటికి మూడు వందల అవతలి ర్యాంకుతో, ఆడిన సింగిల్స్ మ్యాచ్‌లన్నీ గెలిచి భారత్‌ను ప్లేఆఫ్‌కు చేర్చింది. ఆ జట్టులోనే సహజ యమలపల్లి కూడా ఉంది.

పందెగాళ్ల నీడ

డబ్బు లేని చోటికి పందేల డబ్బు దారి వెతుక్కుంటూ వచ్చింది. 2012 నుంచి చిన్న టోర్నీల స్కోర్లు కూడా పాయింటు పాయింటుకూ బెట్టింగ్ కంపెనీలకు అందడం మొదలైంది. తొలి రౌండ్‌లో ఓడితే 156 డాలర్లు వచ్చే ఆటగాడికి, ఒక సెట్ వదిలితే వేల డాలర్లు ఇస్తామని ఫోను వస్తుంది. 2018లో వెలువడిన స్వతంత్ర సమీక్షా సంఘం నివేదిక కోసం 3,200 మందికి పైగా ఆటగాళ్లను అడిగారు. 14.5 శాతం మంది మ్యాచ్ ఫిక్సింగ్ గురించి తమకు ప్రత్యక్షంగా తెలుసన్నారు. అడుగు స్థాయి టోర్నీల స్కోర్ల అమ్మకం ఆపాలని సంఘం సూచించింది. ఆ తర్వాత 2021లో స్వతంత్ర నిఘా సంస్థ ఐటీఐఏ ఏర్పడింది. నాయనమ్మతో కారులో పారిస్ వెళ్లిన త్రున్‌జెలితి ఈ విషయంలోనూ గుర్తుంచుకోదగినవాడు. తనను ప్రలోభపెట్టిన వారి సంగతి అధికారులకు చెప్పాడు, సాక్ష్యం ఇచ్చాడు. స్వదేశంలో తోటివారి నుంచి అతనికి ఎదురైంది మాత్రం వెలి.

మారుతున్నవి

2023లో ఏటీపీ 'బేస్‌లైన్' అనే పథకం ప్రకటించింది. 2024 సీజన్‌కు తొలి వంద ర్యాంకుల వారికి కనీసం 3 లక్షల డాలర్లు, 101 నుంచి 175 వరకు లక్షన్నర, 176 నుంచి 250 వరకు 75,000 డాలర్ల సంపాదనకు హామీ ఇచ్చింది. ప్రైజ్‌మనీ అంతకన్నా తగ్గితే మిగతాది సంస్థ భర్తీ చేస్తుంది. సాకేత్ 137లో ఉన్న రోజుల్లో ఇలాంటిది లేదు. దీనివల్ల 250 లోపు వారికి ఊపిరి ఆడుతుంది. 251వ వాడికి ఏమీ లేదు.

మన దేశంలో ఆటగాళ్లను నిలబెట్టేవి ఇప్పటికీ ఓఎన్‌జీసీ, ఇండియన్ ఆయిల్ వంటి సంస్థల ఉద్యోగాలు. యూరప్ వెళ్లగలిగినవారికి జర్మనీ, ఫ్రాన్స్ క్లబ్ లీగులు మరో ఆధారం. అక్కడ ర్యాంకింగ్ పాయింట్లు రావు గాని, మ్యాచ్ ముగిశాక డబ్బు చేతికొస్తుంది. అయితే అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసేది ఇంటి దగ్గరి టోర్నీ. విమానం ఎక్కనక్కర్లేదు, తెలిసిన తిండి, వైల్డ్ కార్డు దొరికే వీలు. ఇటలీ ఏటా పెద్ద సంఖ్యలో ఛాలెంజర్లు జరిపి ఒక తరం ఆటగాళ్లను పైకి తెచ్చుకుంది. మన దేశంలో 1997 నుంచి చెన్నైలో, తర్వాత పుణెలో జరిగిన ఏటీపీ టూర్ టోర్నీ 2024 నుంచి లేదు. చెన్నై, పుణె, బెంగళూరు, ఢిల్లీల్లో ఫిబ్రవరి ప్రాంతాన జరిగే ఛాలెంజర్లు మిగిలాయి. ఆ నెల గడిచాక మన ఆటగాడు మళ్లీ పాస్‌పోర్టు వెతుక్కోవాలి.